చౌరస్తాలో పోయిన రెండు మీటర్లు

చౌరస్తా ఇరుకైందనగానే అందరి నోటా మొదట వచ్చే మాట రోడ్డు వెడల్పు. కొన్నాళ్లకు ఇళ్లకూ దుకాణాలకూ ఎర్ర రంగు మార్కింగ్ పడుతుంది. పరిహారం తేలదు, కేసు కోర్టుకెక్కుతుంది, ఏళ్లు గడుస్తాయి. ఈలోగా ఎవరికీ అభ్యంతరం లేని పని ఒకటి చకచకా జరిగిపోతుంది: మధ్యలో ఫౌంటెన్, చుట్టూ గడ్డి, కాకతీయ తోరణం నమూనా, రంగు రంగుల దీపాలు. చౌరస్తా ఫొటోల్లో బాగుంటుంది. సాయంత్రం ఆరింటికి అక్కడ చిక్కుకున్న బస్సు మాత్రం ఎప్పటిలాగే కదలదు. వరంగల్, హనుమకొండ, కాజీపేట వాసులకు ఈ వరస కొత్త కాదు.

వెడల్పు అవసరమే లేదని కాదు. అది ఎప్పుడు, ఎక్కడ, ఎంత అవసరమో తేల్చాలంటే అంతకుముందే చేయాల్సిన పనులు నాలుగైదు ఉన్నాయి. వాటిలో చాలావాటికి భూసేకరణ అక్కర్లేదు. తక్కువ ఖర్చుతో అయ్యే ఆ పనులే ఎందుకో వాయిదా పడుతుంటాయి.

ముందుగా ఊరి నైసర్గిక స్వరూపం. కాజీపేట నుంచి ఫాతిమానగర్, సుబేదారి, అదాలత్, హనుమకొండ చౌరస్తా, ములుగు రోడ్డు మీదుగా ఎంజీఎం ఆసుపత్రి, పోచమ్మ మైదాన్, వరంగల్ స్టేషన్ వైపు సాగే దారి ఒక్కటే మూడు ఊళ్లనూ కలుపుతోంది. హైదరాబాద్ నుంచి భూపాలపట్నం వెళ్లే 163వ జాతీయ రహదారి ట్రాఫిక్‌కూ నగరంలో చాలాకాలం ఇదే దారి. పక్కన మరో సమాంతర రోడ్డు వేద్దామంటే ఒకచోట భద్రకాళి చెరువు, ఒకచోట పద్మాక్షి గుట్ట, మరోచోట వడ్డేపల్లి చెరువు అడ్డొస్తాయి. వరంగల్ పట్టణాన్ని రైలు పట్టాలు రెండుగా చీల్చాయి కాబట్టి శివనగర్, కరీమాబాద్, కోట వైపు వెళ్లేవారంతా ఒకటి రెండు చోట్లే పట్టాలు దాటాలి. హంటర్ రోడ్డు కొంత భారం తగ్గిస్తుంది, అంతే. అందుకే ఇక్కడ ఒక చౌరస్తాను విడిగా తీసి బాగు చేయడం కుదరదు. హనుమకొండలో వేగంగా వదిలిన ట్రాఫిక్ ములుగు రోడ్డు దగ్గర గుమిగూడుతుంది. ఆ వరుసే వెనక్కి పెరిగి మళ్లీ హనుమకొండకు చేరుతుంది.

లెక్క ఎప్పుడు, దేన్ని?

ప్రణాళిక ఏదైనా వాహనాల లెక్కతో మొదలవుతుంది. చాలా ప్రాజెక్టుల సవివర నివేదికల్లో (డీపీఆర్) ఈ లెక్క ఉంటుంది కూడా. గంటకు ఇన్ని వాహనాలు వచ్చాయి అన్న ఒక్క అంకెతో ఆగిపోవడమే చిక్కు. చౌరస్తాకు కావాల్సింది మలుపుల లెక్క. ఒక్కో దిక్కు నుంచి వచ్చినవాటిలో ఎన్ని ఎడమకు తిరిగాయి, ఎన్ని నేరుగా పోయాయి, ఎన్ని కుడికి మళ్లాయి, ఎన్ని యూటర్న్ తీసుకున్నాయి? రెండువైపులా రాకపోకలున్న నాలుగు రోడ్ల కూడలిలో వాహనాల దారులు ఒకదాన్నొకటి తాకే చోట్లు 32 అని ఇంజినీరింగ్ పుస్తకాలు చెబుతాయి. వాటిలో 16 అడ్డంగా కోసుకునేవి, 8 కలిసేవి, 8 విడిపోయేవి. ప్రమాదకరమైన ఆ పదహారింటిలో ఎక్కువ భాగం కుడి మలుపుల వల్ల పుట్టేవే. ఎంతమంది కుడికి తిరుగుతున్నారో తెలియకుండా సిగ్నల్ పెట్టడమంటే కొలత తీసుకోకుండా చొక్కా కుట్టడమే.

ఎప్పుడు లెక్కపెట్టారన్నదీ అంతే ముఖ్యం. మే నెలలో లెక్కపెడితే కళాశాలలకు సెలవులు. నిట్, కాకతీయ విశ్వవిద్యాలయం, నయీంనగర్ కోచింగ్ సెంటర్ల రద్దీ లెక్కలోకి రాదు. పత్తి, మిర్చి సీజన్లలో ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే ట్రాక్టర్లు, డీసీఎంలు, లారీలు మిగతా నెలల్లో కనిపించవు. రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990 మార్గదర్శకాల ప్రకారం కారును ఒక యూనిట్ అనుకుంటే ట్రైలర్ తగిలించిన ట్రాక్టర్ నాలుగు నుంచి అయిదు యూనిట్లు. బస్సు, లారీ 2.2 నుంచి 3.7, ఆటో 1.2 నుంచి 2, ద్విచక్ర వాహనం 0.5 నుంచి 0.75. మొత్తం ట్రాఫిక్‌లో ఆ రకం వాటా పెరిగేకొద్దీ యూనిట్ విలువ కూడా పెరుగుతుంది. పోచమ్మ మైదాన్ వైపు పది ట్రాక్టర్లు వచ్చాయంటే నలభై యాభై కార్లు వచ్చినట్టే.

మేడారం జాతర సంగతి వేరు. రెండేళ్లకోసారి నాలుగు రోజుల పాటు ములుగు రోడ్డు మీద కనిపించే ప్రవాహానికి తగినట్టు శాశ్వత చౌరస్తా కట్టాలనుకుంటే ఏ నగరం వల్లా కాదు. దానికి మళ్లింపులు, తాత్కాలిక పార్కింగ్, ప్రత్యేక బస్సులు వంటి పోలీసు ప్రణాళిక చాలు. మామూలు సోమవారం ఉదయం తొమ్మిదిన్నర, సాయంత్రం ఆరున్నర గంటల రద్దీనే శాశ్వత నిర్మాణానికి కొలతగా తీసుకోవాలి.

లెక్కలో ఇంకో లోటు ఉంది. వాహనాలను లెక్కపెడతారు, మనుషులను లెక్కపెట్టరు. యాభై మందితో వచ్చిన ఆర్టీసీ బస్సు గరిష్ఠంగా 3.7 యూనిట్ల చోటు తీసుకుంటుంది. అంటే యూనిట్‌కు పదమూడు మంది. ఇద్దరు కూర్చున్న కారుకు యూనిట్‌కు ఇద్దరే. 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక బస్సుల్లో మహిళా ప్రయాణికులు బాగా పెరిగారు. ఎక్కేవారు, దిగేవారు ఎక్కువైతే బస్సు స్టాపులో నిలిచే సమయమూ పెరుగుతుంది. నిలిచిన బస్సు వెనక పేరుకునే వరుసను చూసి ‘బస్సుల వల్లే ట్రాఫిక్’ అని విసుక్కునేవారున్నారు. చౌరస్తా దాటే మనుషుల్లో ఎక్కువమందిని తక్కువ చోటులో దాటిస్తున్నది ఆ బస్సే. దాన్ని ఎక్కడ ఆపాలన్నది ప్రణాళిక తేల్చాల్సిన విషయం.

ఆ రెండు మీటర్లు

సిగ్నల్ దగ్గర పచ్చ దీపం వెలిగి ఉన్నంతసేపు ఎంత ట్రాఫిక్ దాటగలదన్నది ప్రధానంగా స్టాప్ లైన్ దగ్గర రోడ్డు వెడల్పు మీద ఆధారపడుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాడే సులువైన సూత్రం ప్రకారం గంటంతా పచ్చ దీపమే ఉంటే మీటరు వెడల్పుకు 525 యూనిట్లు దాటుతాయి. మన రోడ్ల మీద లేన్లు పాటించని మిశ్రమ ట్రాఫిక్‌కు ఈ అంకె కొంత అటూ ఇటూ అవుతుంది. ఇండో హెచ్‌సీఎం పేరుతో మన రహదారుల సామర్థ్యం మీద వచ్చిన కొత్త మాన్యువల్ దీన్ని సవరించి చూసింది కూడా. స్థూలంగా అర్థం చేసుకోవడానికి పాత సూత్రం సరిపోతుంది.

ఒకవైపు నుంచి చౌరస్తాకు వచ్చే రోడ్డు పది మీటర్లనుకుందాం. గంటంతా పచ్చ దీపమే ఉంటే 5,250 యూనిట్లు దాటాలి. 120 సెకన్ల సిగ్నల్ చక్రంలో ఈ వైపుకు 40 సెకన్లు దక్కితే అందులో మూడో వంతు, అంటే 1,750. ఇప్పుడు స్టాప్ లైన్ పక్కన ఎడమ అంచున రెండు షేర్ ఆటోలు, వాటి వెనక ఒక పండ్ల బండి, దాని ముందు నిలిపిన నాలుగు బైకులు రెండు మీటర్లు ఆక్రమించాయి. మిగిలింది ఎనిమిది మీటర్లు. సామర్థ్యం 1,400కు పడిపోయింది. గంటకు 350 యూనిట్లు ఎగిరిపోయాయి.

రోడ్డును పది నుంచి పన్నెండు మీటర్లకు పెంచితే దక్కేది కూడా ఆ 350 యూనిట్లే. మొదటిదానికి కావాల్సింది ఒక ఆటో స్టాండు, ఒక గీత, ఒక కానిస్టేబుల్. రెండోదానికి కావాల్సింది రెండు వరుసల దుకాణాల ముందు భాగాలు, కోట్ల పరిహారం, కనీసం కొన్నేళ్లు. పైగా పన్నెండు మీటర్లయ్యాక కూడా ఆటోలు, బండ్లు అక్కడే నిలుస్తాయి. కొత్తగా వచ్చిన రెండు మీటర్లు వాటికే సరిపోతాయి. వెడల్పు చేసిన చాలా రోడ్లు ఆర్నెల్లలో మళ్లీ ఇరుకనిపించడానికి కారణం ఇదే.

ఆ రెండు మీటర్లలో ఎవరున్నారో కాస్త దగ్గరగా చూడాలి. షేర్ ఆటో డ్రైవరు బండిని రోడ్డుకు సమాంతరంగా ఆపడు. ముందు చక్రాన్ని కుడికి తిప్పి, బండిని ఏటవాలుగా పెడతాడు. వెనక వచ్చే ఇంకో ఆటో తనను దాటి ముందుకు పోయి సవారీని ఎత్తుకుపోకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. ఒకటిన్నర మీటరు బండి అలా రెండు మీటర్ల పైచిలుకు తింటుంది. ఆటోవాలా అక్కడ ఎందుకు ఆగుతాడంటే, నాలుగు దిక్కుల నుంచి వచ్చి బస్సు దిగినవాళ్లు అక్కడే దొరుకుతారు. చలానాలు రాసినంత మాత్రాన ఈ లెక్క మారదు. చౌరస్తా దాటాక డెబ్బయి, ఎనభై మీటర్ల దూరంలో, బస్సు దిగినవాళ్లు నడిచే దారిలోనే, ఆటోలు వరుసగా వచ్చి వరుసగా వెళ్లే స్టాండు ఇస్తే మారుతుంది. వరుస ఖాయమైతే పోటీ ఉండదు, చక్రం అడ్డంగా తిప్పే పనీ ఉండదు.

తోపుడు బండ్ల విషయంలో మన అధికార యంత్రాంగానికి ఒకే ఒక మందు తెలుసు: డ్రైవ్ పెట్టి ఎత్తించడం. రెండో రోజుకు బండ్లన్నీ తిరిగి అక్కడే ఉంటాయి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. ఎక్కడ అమ్ముకోవచ్చు, ఎక్కడ వద్దు అన్నది సర్వే చేసి, ఆ కమిటీతో కలిసి తేల్చాలి. చౌరస్తా మూల నుంచి యాభై మీటర్లు లోపలికి, పక్క సందు మొదట్లో చోటు చూపిస్తే గిరాకీ పెద్దగా తగ్గదు. ఊరి బయట ఎక్కడో షెడ్లు కట్టి ‘అక్కడికి పోండి’ అంటే ఎవరూ పోరు.

బస్ స్టాపు చౌరస్తాకు ముందు ఉండకూడదు, దాటాక ఉండాలి. ముందుంటే పచ్చ దీపం వెలిగే సమయంలో బస్సు ఆగి ఉంటుంది, దాని వెనక వరుసంతా ఆ చక్రాన్ని పోగొట్టుకుంటుంది. దాటాక ఉన్నా మరీ మూలకు ఆనుకుని ఉండకూడదు. రెండు బస్సులు ఒకేసారి వస్తే రెండోదాని తోక చౌరస్తాలోనే మిగిలిపోతుంది.

కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెలు, ఫ్లెక్సీల ఇనుప చట్రాలు కూడా వెడల్పు మింగేవే. వీటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, తీసి పక్కన పెట్టాలి.

సిగ్నల్ లెక్క

సిగ్నల్ చక్రం ఎంతసేపుండాలో బ్రిటన్‌కు చెందిన వెబ్‌స్టర్ 1958లో ఒక సూత్రం ఇచ్చాడు. నేటికీ ఇంజినీర్లు మొదట దాన్నే వేసి చూస్తారు. దీపం మారిన ప్రతిసారీ వాహనాలు కదలడానికి, ఆగడానికి వృథా అయ్యే సెకన్లు ఒకటి. ఒక్కో దశకు, అంటే ఒక్కో పచ్చ దీపం వంతుకు, వచ్చే రద్దీకి, ఆ రోడ్డు మోయగల రద్దీకి ఉన్న నిష్పత్తుల మొత్తం రెండోది. వృథా సెకన్లను ఒకటిన్నరతో హెచ్చించి అయిదు కలపాలి. ఒకటి నుంచి ఆ నిష్పత్తుల మొత్తాన్ని తీసేసి, మిగిలినదానితో భాగించాలి.

నాలుగు దిక్కులకూ విడివిడిగా పచ్చ దీపమిచ్చే చౌరస్తా తీసుకుందాం. ఒక్కో దశకు నాలుగు సెకన్లు వృథా అనుకుంటే మొత్తం 16. ఒక్కోవైపు రోడ్డు ఏడు మీటర్లు, వచ్చే ట్రాఫిక్ గంటకు 720 యూనిట్లయితే నిష్పత్తుల మొత్తం సుమారు 0.8. చక్రం 145 సెకన్లు వస్తుంది. ఒకవైపు వాళ్లు దాదాపు 113 సెకన్లు ఎర్ర దీపం ముందు నిలబడాలి. ఆ సమయంలో 22 యూనిట్లు పేరుకుంటాయి. రెండు వరుసలుగా నిలిస్తే 66 మీటర్లు. పక్క సందు మొదలు కూడా ఆ వరుసలో మునిగిపోతుంది.

కుడి మలుపులు ఆపేసి, వాటిని ముందుకు పంపి, డివైడర్ మధ్య యూటర్న్‌తో వెనక్కి తెస్తే రెండు దశలు చాలు. తిరిగొచ్చే వాహనాలు అదనం కాబట్టి ఒక్కోవైపు రద్దీ 720 నుంచి 1,080 యూనిట్లకు పెరిగిందనుకున్నా నిష్పత్తుల మొత్తం 0.6, వృథా 8 సెకన్లు; చక్రం 42 సెకన్లకు దిగుతుంది. వరుస పాతిక మీటర్లు దాటదు. పాదచారుల కోసం చక్రాన్ని 60 సెకన్లకు పెంచినా ముందటికంటే ఎంతో మేలు.

కాగితం మీద ఇది అద్భుతం. రోడ్డు మీద షరతులున్నాయి. యూటర్న్ తీసుకునేచోట బస్సు ఒక్కసారిగా తిరగగలిగేంత వెడల్పుండాలి. లేకపోతే అది వెనక్కీ ముందుకీ ఆడుతుంటే రెండు వైపులా నిలిచిపోతుంది. యూటర్న్ మరీ దూరమైతే బైకులు రాంగ్ రూట్‌లో వస్తాయి. పాత వరంగల్‌లో, జేపీఎన్ రోడ్డు లాంటి చోట్ల ఈ పద్ధతికి చోటే లేదు. అక్కడ కొన్ని సందులను వన్‌వే చేయడమే మిగిలిన దారి. ఎక్కడైనా ఒకటే మందు అనే ఉత్సాహం మంచిది కాదు.

సిగ్నల్ తీసేసి మధ్యలో పెద్ద గుండ్రటి ఐలాండ్ కడితే చాలదా అన్న ప్రశ్న వస్తుంటుంది. అన్ని దిక్కులూ కలిపి గంటకు 3,000 వాహనాల వరకే రోటరీ బాగా పనిచేస్తుందని రోడ్స్ కాంగ్రెస్ పాత మార్గదర్శకం. నగరం మధ్యలో రద్దీ వేళ ఆ పరిమితి ఎప్పుడో దాటిపోతుంది. పైగా మన చౌరస్తాల్లో విగ్రహం చుట్టూ కట్టిన దిమ్మె రోటరీ కాదు. వాహనాన్ని తిప్పేంత పెద్దది కాదు, అడ్డు తప్పుకునేంత చిన్నదీ కాదు. విగ్రహాల మీద గౌరవం తగ్గకుండానే వాటిని మూలకు, ఒక చిన్న ఉద్యానంలోకి మార్చవచ్చు. ఆ మాట ఎత్తడానికి ఏ పార్టీకీ ధైర్యం చాలదన్నది వేరే సంగతి.

ఫ్రీ లెఫ్ట్ అని బోర్డు ఉంటుంది. నేరుగా వెళ్లాల్సిన ఒక్క బైకు ఎడమ అంచున ముందుకొచ్చి నిలబడితే చాలు, వెనక ఎడమకు తిరగాల్సినవాళ్లంతా హారన్ కొడుతూ ఎర్ర దీపం అయిపోయేదాకా ఆగాలి. స్టాప్ లైన్‌కు ముందు ముప్పయి నలభై మీటర్ల నుంచి ఎడమ మలుపును చిన్న ఐలాండ్‌తో వేరు చేయాలి. అప్పుడు ఆ దారి ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది కాబట్టి నడిచేవారికి కష్టం. అందుకే అక్కడ జీబ్రా గీతను ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి కట్టాలి. వాహనం దాని మీదకెక్కేటప్పుడు వేగం తగ్గక తప్పదు.

నడిచేవారి సమయం లెక్కలో సాధారణంగా వాడే వేగం సెకనుకు 1.2 మీటర్లు. పద్నాలుగు మీటర్ల రోడ్డుకు పన్నెండు సెకన్లు. ఎంజీఎం ఎదుట రోగిని పట్టుకుని నడిపిస్తున్నవారికి, గుడికొచ్చిన వృద్ధురాలికి ఆ వేగం కుదరదు, సెకనుకు 0.8 మీటర్లంటే పదిహేడున్నర సెకన్లు కావాలి. డివైడర్‌ను జీబ్రా గీత దగ్గర రెండు మీటర్ల వెడల్పుతో ఉంచితే రోడ్డును రెండు విడతల్లో దాటవచ్చు. ఎంజీఎం పరిసరాల్లో ఇది మరీ అవసరం. పక్కనే పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి తలపెట్టారు. దాని రాకపోకలను ఇప్పుడే లెక్కలోకి తీసుకోకపోతే నేడు బాగు చేసిన కూడలి రేపటికి చాలదు.

ఫ్లైఓవర్ మాట కూడా చెప్పుకోవాలి. కింద 5.5 మీటర్ల ఖాళీ, పైన వంతెన మందం కలిపితే ఏడు మీటర్ల ఎత్తు ఎక్కాలి. ముప్పయి మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కితే ఒకవైపు ర్యాంపే 210 మీటర్లు. రెండు వైపులా కలిపి నాలుగు వందలు దాటుతుంది. అంత పొడవునా కింద సర్వీసు రోడ్డు సన్నబడుతుంది, దుకాణాలు చీకట్లో పడతాయి, దిగినచోట తర్వాతి చౌరస్తా ఎదురుచూస్తుంటుంది. పైగా హనుమకొండలో 1163 నాటి వేయి స్తంభాల గుడి ఉంది. 2010లో సవరించిన పురావస్తు చట్టం ప్రకారం రక్షిత కట్టడం నుంచి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై రెండు వందల మీటర్లలో అనుమతి తప్పనిసరి. రైలు పట్టాలు దాటడానికి వంతెన తప్పదు, కాజీపేట అందుకు ఉదాహరణ. చౌరస్తా దాటడానికి వంతెన చివరి ఆలోచన కావాలి.

పనుల వరుసలో అన్నింటికంటే ముందుండాల్సింది మురుగు కాలువ. 2020 ఆగస్టులో, 2023 జులైలో వచ్చిన వరదలకు నయీంనగర్ నాలా చుట్టుపక్కల ఏం జరిగిందో నగరం మరిచిపోలేదు. అంత వరద అక్కర్లేదు, ఒక గంట వాన చాలు. చౌరస్తా మధ్యలో నీళ్లు నిలిస్తే వాహనాలన్నీ ఎత్తుగా ఉన్న ఒక పక్కకు జరుగుతాయి, పది మీటర్ల రోడ్డు అయిదు మీటర్లవుతుంది. కొత్త తారు వేసిన నెలకే తాగునీటి పైపు కోసం తవ్వడం, ఆ గుంతను మట్టితో పూడ్చి వదిలేయడం అందరికీ అనుభవమే. పైపులు, కేబుళ్లు, కాలువ పూర్తయ్యాకే కర్బ్ రాళ్లు పెట్టాలి, ఆ తర్వాతే పై పొర.

కాంక్రీటు పోయక ముందు ప్లాస్టిక్ డ్రమ్ములు, బారికేడ్లు, సున్నపు గీతలతో కొత్త ఆకృతిని రెండు మూడు వారాలు నడిపి చూడటం మంచిది. యూటర్న్ సరైన చోట ఉందా, బస్సు తిరుగుతోందా, అంబులెన్స్‌కు దారి దొరుకుతోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. తప్పని తేలితే డ్రమ్ము జరిపితే సరి. దుకాణదారులకూ నమ్మకం కుదురుతుంది. గిరాకీ పోతుందని భయపడినవారికి తమ గల్లా పెట్టె లెక్క కళ్లముందే ఉంటుంది. రవాణా ఇంజినీరింగ్ బోధించే నిట్ ఇదే ఊళ్లో ఉండటం వరంగల్‌కు కలిసొచ్చిన సంగతి. మార్పుకు ముందు లెక్క, మార్పు తర్వాత లెక్క అక్కడి విద్యార్థులతో చేయిస్తే నగరపాలక సంస్థకు ఖర్చూ తక్కువ, వారికి పాఠమూ అవుతుంది.

భూమి తప్పనిసరైన చోట్లు కొన్ని మిగులుతాయి. అక్కడ కూడా రోడ్డు పొడవునా తీసుకోనక్కర్లేదు. మూల మలుపు దగ్గర, స్టాప్ లైన్‌కు ముందు అరవై డెబ్బయి మీటర్ల మేర తీసుకుంటే ఎడమ మలుపుకు ప్రత్యేక వరుస దొరుకుతుంది. నష్టపోయేవారు పదుల్లోనే ఉంటారు కాబట్టి నగదు పరిహారమో, టీడీఆర్ రూపంలో అదనపు నిర్మాణ హక్కో ముందే తేల్చి చేతికివ్వడం సాధ్యమే.

అసలు ఇబ్బంది ఇంకోచోట ఉంది. రోడ్డు జాతీయ రహదారులదో ఆర్ అండ్ బీదో, ఫుట్‌పాత్, కాలువ నగరపాలక సంస్థవి, సుందరీకరణ తరచూ కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) నిధులతో జరుగుతుంది, సిగ్నల్ పోలీసులు నడుపుతారు, స్టాపు ఆర్టీసీది, స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థది. సిగ్నల్ సమయాలు మార్చాలంటే ఎవరిని అడగాలో అక్కడ పనిచేసే ఇంజినీరుకే తెలియని పరిస్థితి. ఒక్కో చౌరస్తాకు ఒక్క అధికారిని బాధ్యుణ్ని చేసి, మిగతా శాఖలు అతనికి జవాబు చెప్పే ఏర్పాటు లేనిదే పై పనుల్లో సగం కూడా వరుసలో జరగవు. ఆ అధికారి ఏడాదికి రెండుసార్లు, ఒకసారి కాలేజీలు నడిచే నెలలో, ఒకసారి మిర్చి సీజన్‌లో, మలుపుల లెక్క మళ్లీ తీయించి ఉదయానికి, మధ్యాహ్నానికి, రాత్రికి వేర్వేరు సిగ్నల్ సమయాలు సవరించాలి. పక్కపక్కనున్న చౌరస్తాల సమయాలూ కలపాలి. గంటకు ముప్పయి కిలోమీటర్ల వేగంతో అయిదు వందల మీటర్లు పోవడానికి అరవై సెకన్లు పడుతుంది కాబట్టి, ఇక్కడ పచ్చ దీపం వెలిగిన నిమిషానికి అక్కడ వెలగాలి. చెరిగిన స్టాప్ లైన్ మళ్లీ గీయడం, కాలిపోయిన దీపం మార్చడం కూడా ఆ పద్దులోనే ఉండాలి. ప్రాజెక్టు నిధులు ప్రారంభోత్సవంతో ఆగిపోతాయి కాబట్టి ఈ ఖర్చుకు ఏటా బడ్జెట్‌లో వేరే పద్దు పెట్టుకోవాలి.